ఫార్ములా అదే, ప్రెస్సు అదే... లాటు మారితే రబ్బరు ఎందుకు మారుతోంది?

ప్రశ్న: మాది హైదరాబాద్ చర్లపల్లిలో చిన్న యూనిట్. ట్రాక్టర్ బుష్‌లు, మోటారు ప్యాడ్లు, గాస్కెట్లు చేస్తాం. కేరళ నుంచి ఆర్‌ఎస్‌ఎస్-4 (పొగబెట్టి ఆరబెట్టిన గీతల షీటు), ఐఎస్‌ఎన్‌ఆర్-20 (పరీక్షల అంకెలతో గ్రేడు పెట్టిన భారత ప్రామాణిక రబ్బరు) బేళ్లు తెప్పిస్తాం. ఫార్ములా మార్చలేదు, ప్రెస్సు వేడీ మార్చలేదు. అయినా కిందటి లాటు మిల్లు మీదే పట్టుకుపోయి గింజలు కట్టింది. ఈసారి వచ్చిన లాటు అదే టైముకి తీస్తే బుష్ మీద వేలిముద్ర పడుతోంది. ఇంకాసేపు ఉంచితే గట్టిపడుతుందని ఉంచాం, కొన్ని బుష్‌లు మరింత మెత్తబడ్డాయి. మూడు నెలలుగా గోడౌన్లో ఉన్న బేళ్లు మాత్రం మిల్లు మోటారు ట్రిప్ అయ్యేంత గట్టిగా ఉన్నాయి. గట్టిపడటం మంచి రబ్బరుకి గుర్తు అంటున్నాడు సప్లయర్. మా దగ్గర ఆరంగుళాల ల్యాబ్ మిల్లు, చిన్న హైడ్రాలిక్ ప్రెస్సు, గట్టిదనం కొలిచే షోర్ గేజి ఉన్నాయి. వేడిలో రబ్బరు ఎంత వేగంగా గట్టిపడుతుందో గీసి చూపే రియోమీటర్ లేదు. ముడి రబ్బరును మేమే పరీక్షించుకోవడం ఎలా? ముందుగా ఏ మెషీన్ కొనాలి?

సమాధానం: మీ ఉత్తరంలో గట్టిపడటం అనే ఒక్క మాట రెండు వేర్వేరు సంగతులకు వచ్చింది. గోడౌన్లో బేలు గట్టిపడటం ఒకటి. దానికి సల్ఫర్‌తో పని లేదు. ప్రెస్సులో సల్ఫర్‌తో కలిసి గట్టిపడటం, అంటే క్యూరింగ్, రెండోది. మొదటిది ఎక్కువైతే రెండోది మంచిదని చెప్పడానికి వీల్లేదు. మీ సప్లయర్ ఈ రెంటినీ ఒకటి చేసి మాట్లాడుతున్నాడు. ఒక్కోదానికి ఒక్కో పరీక్ష ఉంది. రెండూ మీ దగ్గరున్న సామానుతోనే, కొద్దిపాటి ఖర్చుతో చేసుకోవచ్చు.

ముందు గోడౌన్ బేళ్ల సంగతి. ముడి రబ్బరులో సుమారు 93, 94 శాతమే అసలు రబ్బరు. మిగిలింది ప్రొటీన్లు, కొవ్వు ఆమ్లాలు, ఖనిజ లవణాలు, కొంచెం తేమ. రబ్బరు గొలుసుల మీద అక్కడక్కడా ఆల్డిహైడ్ స్వభావమున్న గుంపులు ఉంటాయి. నిల్వలో అవి ప్రొటీన్ల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలతో కలిసి గొలుసుకీ గొలుసుకీ మధ్య ముడులు వేస్తాయి. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత వేగంగా సాగుతుంది. కేరళ వానల్లో నెలలు ఉన్నా పెద్దగా మారని బేలు మన ఎండాకాలపు గోడౌన్లో త్వరగా బిగుసుకోవడానికి కారణం ఇదే. ఇందులో నాణ్యత పెరిగిందేమీ లేదు. మీకు కరెంటు, మిల్లు టైము మాత్రం ఎక్కువ ఖర్చవుతాయి.

చలికాలంలో ఇంకో రకం గట్టిదనం వస్తుంది. చల్లటి చోట చాలాకాలం ఉన్న రబ్బరు లోపల స్ఫటికాలు కడుతుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చుకోవడం సులువు. బేలు లోపలి నుంచి వేలెడు మందం ముక్క కోసి ఓవెన్లో 60 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచండి. తీసి గది వేడికి చల్లారనివ్వండి. చల్లారాక కూడా మెత్తగానే ఉంటే అది స్ఫటికాల గట్టిదనం. అలాంటి బేళ్లను మిల్లు ఎక్కించే ముందు వెచ్చటి గదిలో పెడితే చాలు. బేలు మందంగా ఉంటుంది కాబట్టి లోపలిదాకా వేడి చేరడానికి రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి. చల్లారాక ముక్క మళ్లీ మునుపటిలాగే బిగుసుకుంటే అవి ముడులు. వాటిని వేడి విప్పలేదు, మిల్లు మీద నమలడం ఒక్కటే దారి.

కొనే ముందే ఏ లాటు ఎంత బిగుస్తుందో చూడాలంటే నిల్వ గట్టిదనపు పరీక్ష ఉంది. ప్రయోగశాలల్లో వాలెస్ ప్లాస్టిమీటర్ వాడతారు. మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న బిళ్లను 100 డిగ్రీల దగ్గర ఒక మిల్లీమీటరుకు నొక్కి 15 సెకన్లు వేడెక్కనిస్తారు. తర్వాత 100 న్యూటన్ల బరువు 15 సెకన్లు వేసి, మిగిలిన మందాన్ని మిల్లీమీటరులో వందో వంతుల్లో చదువుతారు. 0.38 మిల్లీమీటర్లు మిగిలితే ప్లాస్టిసిటీ 38. ఇంకొన్ని బిళ్లలను ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ ఉన్న మూసిన సీసాలో 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి మళ్లీ కొలుస్తారు. రెండు అంకెల మధ్య తేడాయే ఆ రబ్బరు బిగుసుకునే గుణం. స్థిర స్నిగ్ధత రబ్బరులో, అంటే నిల్వలో చిక్కదనం పెద్దగా మారని సీవీ గ్రేడులో, ఈ తేడా 8 యూనిట్లు దాటకూడదు. సీవీ తయారీలో రబ్బరుపాలకు హైడ్రాక్సిలమైన్ లవణం కలుపుతారు. పొడి రబ్బరు మీద లెక్క వేస్తే అది 0.15 శాతం మాత్రమే. ఆ కాస్తే ఆల్డిహైడ్ గుంపులను ముందుగా పట్టేసి ముడులు పడకుండా చూస్తుంది.

వాలెస్ యంత్రం లేకపోతే విలియమ్స్ పద్ధతిని అనుకరించండి. రెండు నున్నటి ఉక్కు పలకలు, 5 కిలోల బరువు, డయల్ గేజి, ఓవెన్ ఉంటే చాలు. పలకలను, బరువును ముందే 100 డిగ్రీలకు వేడెక్కించి ఉంచాలి. 1.84 గ్రాముల రబ్బరు తూచి ఉండలా చేయండి. రబ్బరు సాంద్రత 0.92 కాబట్టి అది 2 ఘన సెంటీమీటర్లు అవుతుంది. ఉండను అదే ఓవెన్లో 15 నిమిషాలు ఉంచి, పైనా కిందా సెలోఫేన్ వేసి, పలకల మధ్య పెట్టి బరువు ఎక్కించండి. సరిగ్గా మూడు నిమిషాలకు మందం చదవండి. అదే లాటు నుంచి ఇంకో మూడు ముక్కల్ని బాగా ఎండిన సిలికా జెల్ ఉన్న సీసాలో బిగించి 60 డిగ్రీల ఓవెన్లో ఒక రోజు ఉంచి మళ్లీ కొలవండి. ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ జోలికి మీరు పోవద్దు. నీటి చుక్క తగిలితే ఒక్కసారిగా విపరీతంగా వేడెక్కుతుంది, చర్మాన్ని కాలుస్తుంది. సిలికా జెల్‌తో వచ్చే అంకె ప్రమాణాల్లో రాసిన అంకెతో సరిపోలదు, దాన్ని సర్టిఫికెట్‌తో పోల్చకండి. మీ లాట్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

సర్టిఫికెట్ అన్నాం కాబట్టి ఒక మాట. ఐఎస్‌ఎన్‌ఆర్-20 అంటే చెత్త 0.20 శాతం లోపు, మొదటి ప్లాస్టిసిటీ కనీసం 30, పీఆర్‌ఐ కనీసం 40, ఆవిరయ్యే పదార్థం 0.80 శాతం లోపు. పీఆర్‌ఐ అంటే 140 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి తిన్నాక ప్లాస్టిసిటీ ఎంత శాతం నిలిచిందో చెప్పే అంకె. రాగి, మాంగనీసు అంటిన రబ్బరులో అది పడిపోతుంది. ఈ అంకెల్లో ఒక్కటి కూడా ఆ రబ్బరు ఎంత వేగంగా క్యూర్ అవుతుందో చెప్పదు. ఆర్‌ఎస్‌ఎస్ గ్రేడు సంగతి సరేసరి, అది షీటును వెలుతురుకు ఎత్తి పట్టి కంటితో చూసి పెట్టే గ్రేడు. అందుకే గ్రేడు మారకపోయినా మీకు లాటు మారింది.

ఇక ప్రెస్సు లోపలి గట్టిదనానికి వద్దాం. అసలు పరీక్ష ఇదే, శ్రద్ధంతా ఇక్కడే పెట్టాలి.

చాలామంది కొత్త లాటును తమ ఫ్యాక్టరీ కాంపౌండ్‌లోనే కలిపి చూస్తారు. కొంతవరకు అవసరమే గానీ, ముడి రబ్బరును తెలుసుకోవడానికి అది చాలదు. కార్బన్ బ్లాక్, నూనె, చైనా క్లే, క్యూరింగ్‌ను వేగం చేసే బలమైన యాక్సిలరేటర్ ఇవన్నీ ఉన్నచోట రబ్బరు సొంత స్వభావం అణిగిపోతుంది. తేడా వచ్చినా ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు. రబ్బరు గొంతు వినిపించాలంటే పక్కన గోల ఉండకూడదు. అందుకోసమే అమెరికన్ కెమికల్ సొసైటీ పేరు మీద ఏసీఎస్-1 అనే పలచటి ఫార్ములా ఉంది. ముడి రబ్బరు 100 భాగాలు, జింక్ ఆక్సైడ్ 6, సల్ఫర్ 3.5, స్టియరిక్ యాసిడ్ 0.5, ఎంబీటీ 0.5. మొత్తం 110.5. అంతే, ఫిల్లర్ లేదు, నూనె లేదు.

ఇందులో స్టియరిక్ యాసిడ్ కావాలనే తక్కువ పెట్టారు. జింక్ ఆక్సైడ్ పనిలోకి దిగాలంటే కొవ్వు ఆమ్లం కావాలి. బయటి నుంచి వేసింది అర భాగమే కాబట్టి మిగతాది రబ్బరులో సహజంగా ఉన్న కొవ్వు ఆమ్లాల నుంచే రావాలి. ఎంబీటీ ఆమ్ల స్వభావం ఉన్న యాక్సిలరేటర్. రబ్బరులోని ప్రొటీన్లు కుళ్లి వచ్చిన అమైన్లు దానికి తోడైతే వేగం పుంజుకుంటుంది, ఆమ్లం మిగిలిపోయి ఉంటే నెమ్మదిస్తుంది. అంటే రబ్బరులో రబ్బరు కానిది ఏదుందో అది ఈ ఫార్ములాలో బయటపడుతుంది. టీబీబీఎస్ అనే మరో యాక్సిలరేటర్‌తో చేసే ఇంకో ప్రామాణిక ఫార్ములా ఉంది: రబ్బరు 100, కార్బన్ బ్లాక్ 35, జింక్ ఆక్సైడ్ 5, సల్ఫర్ 2.25, స్టియరిక్ 2, టీబీబీఎస్ 0.7. అది ఇంత సున్నితం కాదు. మీరు తయారుచేసే బుష్‌లకు అది దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండో పరీక్షగా పెట్టుకోండి. ఏసీఎస్-1లో తేడా కనిపించి టీబీబీఎస్‌లో కనిపించకపోతే ఆ లాటును భయపడకుండా వాడుకోవచ్చు.

నమూనా తీయడంలోనే చాలా పరీక్షలు చెడిపోతాయి. వంద బేళ్లు వస్తే పది బేళ్లు పక్కకు తీయండి. ఒక్కో బేలు పైపొర చెక్కేసి, ఎదురెదురు మూలల నుంచి ముక్కలు కోయండి. పైపొరలో టాల్కు ఉంటుంది, ఎండ తగిలిన రబ్బరు ఉంటుంది. కోసిన ముఖం మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే అది సరిగ్గా ఎండని రబ్బరు. తేమ ఉన్న రబ్బరు అచ్చులో బుడగలు కడుతుంది, క్యూరింగ్ వేగమూ మారుతుంది. ఆ మచ్చల సంగతి సప్లయర్‌కు అప్పుడే ఫొటో తీసి పంపండి. ఒక్కో బేలు ముక్కల్ని 250 గ్రాముల చొప్పున రెండు విడతలుగా తూచి, మిల్లు రోలర్లు 70 డిగ్రీల దగ్గర ఉంచి, సందు 1.3 మిల్లీమీటర్లు పెట్టి పదిసార్లు పంపితే నమూనా ఏకరీతిగా అవుతుంది. అన్ని బేళ్ల రబ్బరునూ కలిపేయకండి. బేలుకీ బేలుకీ తేడా ఎంతుందో తెలుసుకోవడమూ ఈ పరీక్షలో భాగమే.

కలపడానికి ఒక బ్యాచ్ ఇలా తూచండి: రబ్బరు 400 గ్రాములు, జింక్ ఆక్సైడ్ 24, సల్ఫర్ 14, స్టియరిక్ 2, ఎంబీటీ 2. మొత్తం 442 గ్రాములు. ఎంబీటీ రెండే గ్రాములు కాబట్టి 0.1 గ్రాము తప్పితే 5 శాతం తప్పినట్టే. కిరాణా కాటా పనికిరాదు, 0.01 గ్రాము చూపే త్రాసు కావాలి. సల్ఫర్, ఎంబీటీ, జింక్ ఆక్సైడ్‌లను సన్నటి జల్లెడ పట్టి, పరీక్షల కోసమని ఒక్కోటి అరకిలో వేరే సీసాల్లో గట్టిగా మూసి పెట్టుకోండి. ప్రతి పరీక్షకూ ఆ సీసాల నుంచే తీయాలి. ఫ్యాక్టరీ బస్తాలో నుంచి ఎప్పటికప్పుడు తీస్తే రబ్బరు మారిందా, కెమికల్ మారిందా అన్నది ఎప్పటికీ తేలదు.

మిల్లు రోలర్ల వేడి 70 డిగ్రీలు, ఐదు డిగ్రీలు అటూఇటూ. తాకుడు పైరోమీటర్‌తో కొలవండి. మెరిసే రోలరు మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ తక్కువ చూపిస్తుంది, చాలాచోట్ల మోసపోయేది అక్కడే. సందు అర మిల్లీమీటరు పెట్టి రబ్బరును రెండుసార్లు చుట్టుకోనివ్వకుండా పంపండి. తర్వాత సందు 1.4 మిల్లీమీటర్లకు తెరిచి, పట్టీలా చుట్టుకోనివ్వండి. ముందు స్టియరిక్ వేయండి. అది కలిశాక జింక్ ఆక్సైడ్, సల్ఫర్ మెల్లగా రోలరు పొడవునా చల్లుతూ వేయండి. ఎంబీటీ చివర్లో. పళ్లెంలో రాలిన పొడిని ఊడ్చి మళ్లీ వేయాలి, కొంచెమే కదా అని వదలొద్దు. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు ముప్పావు వెడల్పు దాకా కోసి మడవండి. పట్టీ తీసేసి, సందు మళ్లీ దగ్గరకు తెచ్చి, చుట్ట చుట్టి నిలువుగా ఆరుసార్లు పంపండి. మొత్తం టైము ప్రతిసారీ ఒకటే ఉండాలి, గోడ గడియారం చూసి రాసుకోండి. చివరికి తూచినప్పుడు 435.4 గ్రాముల కంటే తగ్గినా, 444.2 కంటే పెరిగినా ఆ బ్యాచ్ పారేసి మళ్లీ కలపాలి. షీటును 2.2 మిల్లీమీటర్ల మందంలో తీసి, కనీసం 2 గంటలు, ఎక్కువలో ఎక్కువ 24 గంటలు విశ్రాంతి ఇచ్చి ప్రెస్సుకు పంపండి.

ప్రెస్సు 140 డిగ్రీలు. క్యూరింగ్ వేగం ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెట్టింపవుతుంది. కేవలం 2 డిగ్రీల తేడా వస్తే టైములో 15 శాతం దాకా తేడా వస్తుంది. కంట్రోలరు మీద కనిపించే అంకెను నమ్మకుండా, అచ్చులోనే థర్మోకపుల్ తీగ పెట్టి ఒకసారి సరిచూడండి. మధ్యలో, నాలుగు మూలల్లో విడివిడిగా. 15 సెంటీమీటర్ల చదరపు, 2 మిల్లీమీటర్ల మందం అచ్చుకు 48 నుంచి 50 గ్రాముల షీటు సరిపోతుంది. మిల్లులో రబ్బరు ఏ దిక్కుకు నడిచిందో అచ్చు మీద గుర్తు పెట్టండి.

ఒకే టైముకు తీస్తే సగం కథే తెలుస్తుంది. ఒకే బ్యాచ్ నుంచి 20, 30, 40, 60 నిమిషాలకు ఒక్కో షీటు తీయండి. ప్రెస్సు నుంచి తీసిన వెంటనే చల్లటి నీళ్లలో ముంచండి. లేకపోతే లోపలి వేడితో ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. తుడిచి 16 గంటలు పక్కన పెట్టాక కొలవాలి.

కొలవడానికి షోర్ గేజి వాడకండి. ఫిల్లర్ లేని ఈ షీటు 35, 40 మధ్య చూపిస్తుంది. గట్టి లాటుకీ మెత్త లాటుకీ ఒకటి రెండు పాయింట్ల తేడా, అది గేజి పట్టుకున్న చేతిలోనే పోతుంది. పైగా ఒక్కటే 2 మిల్లీమీటర్ల షీటు అయితే కింద బల్ల గట్టిదనం కూడా కలిసిపోతుంది. దాని బదులు బరువు కట్టి వేలాడదీయండి. సాగే గుణాన్ని బట్టి రబ్బరును వర్గాలుగా విడదీసి బేళ్ల మీద నీలం, పసుపు, ఎరుపు చక్రాలు వేసిన రోజుల్లో వాడిన పరీక్ష ఇదే. నీలం త్వరగా క్యూర్ అయ్యేది, పసుపు మధ్యరకం, ఎరుపు నెమ్మది రకం. ఆ చక్రాలు ఇప్పుడు బేళ్ల మీద కనిపించవు గానీ, పరీక్షలోని విజ్ఞానం ఇప్పటికీ అంతే నిజం.

డై పంచ్‌తో 6 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు మిల్లు దిక్కుకే కోయండి. మధ్యలో 50 మిల్లీమీటర్ల దూరంలో సన్నటి పెన్నుతో రెండు గీతలు పెట్టండి. మందం మూడు చోట్ల కొలవండి. చదరపు సెంటీమీటరుకు 5 కిలోల లెక్కన బరువు కట్టాలి. వెడల్పు 6, మందం 2 మిల్లీమీటర్లు అయితే అడ్డుకోత 0.12 చదరపు సెంటీమీటర్లు, బరువు 600 గ్రాములు. మందం 2.1 వస్తే 630 గ్రాములు. కింది క్లిప్పు బరువు కూడా ఇందులోనే లెక్క. మెల్లగా వదిలి, కుదుపు లేకుండా, సరిగ్గా ఒక నిమిషానికి గీతల మధ్య దూరం చదవండి. 50 మిల్లీమీటర్లు 87.5 అయితే సాగుదల 75 శాతం. సాగుదల తక్కువైతే రబ్బరు గట్టిది, ఎక్కువైతే మెత్తది. ఒక్కో షీటు నుంచి మూడు పట్టీలు కొలిచి మధ్య అంకె తీసుకోండి. గది వేడి 27 డిగ్రీల దగ్గర ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు నాలుగు టైములకు వచ్చిన నాలుగు అంకెలను గ్రాఫు కాగితం మీద పెట్టండి. 20 నిమిషాలకే సాగుదల బాగా తగ్గిపోయిన లాటు చురుకు లాటు. మీ మిల్లు మీద గింజలు కట్టింది ఇలాంటిదే అయ్యుండాలి. 60 నిమిషాలకూ ఇంకా తగ్గుతూనే ఉంటే నెమ్మది లాటు. ఇక 40 దగ్గర గట్టిగా ఉండి 60కి మళ్లీ సాగిందంటే అది వెనక్కి పోవడం, రివర్షన్. సల్ఫర్ ఎక్కువ, యాక్సిలరేటర్ తక్కువ ఉన్న ఫార్ములాలో గొలుసుల మధ్య పొడవాటి సల్ఫర్ వంతెనలు పడతాయి. ఎక్కువసేపు వేడిలో ఉంటే అవి తెగిపోతాయి. ఇంకాసేపు ఉంచితే గట్టిపడుతుందన్న మీ ఆశను తలకిందులు చేసింది ఇదే. అందులోనూ బుష్ మందంగా ఉంటుంది. రబ్బరులో వేడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి, నడుమ క్యూర్ అయ్యేలోపు పైపొర వెనక్కి పోతుంది. మీ ఫార్ములాలో సల్ఫర్ 2.5 దాటి ఉంటే, మందపాటి బుష్‌లకు సల్ఫర్ 1.5, సీబీఎస్ అనే యాక్సిలరేటర్ 1.5 దగ్గర ఒక ట్రయల్ బ్యాచ్ చేసి చూడండి. వెనక్కి పోవడం బాగా తగ్గుతుంది. వంగి సాగే అలసటను తట్టుకోవడం మాత్రం కాస్త తగ్గవచ్చు, దాన్నీ పరీక్షించాకే మార్చండి.

పోల్చడానికి కంట్రోల్ రబ్బరు లేకుండా ఈ అంకెలకు విలువ లేదు. ప్రతిసారీ కొత్త లాటుతో పాటు అదే రోజు, అదే మిల్లు మీద కంట్రోల్ బ్యాచ్ కూడా కలపాలి. చాలామంది బాగున్న పాత బేలు ఒకటి దాచి దాన్నే కంట్రోల్ అంటారు. ఆ బేలు కూడా గోడౌన్లో బిగుసుకుంటూ ఉంటుందని మరిచిపోతారు! సీవీ గ్రేడు ఒక బేలు కొని, ముక్కలు చేసి, నల్ల పాలిథిన్‌లో చుట్టి చల్లటి చీకటి చోట పెట్టుకోండి. మొదటి వారం కొత్త లాట్ల జోలికి పోకుండా కంట్రోల్‌నే మూడు రోజులు మూడుసార్లు చేయండి. 72, 75, 77 వచ్చాయనుకుందాం. అయితే మీ చేతి తేడాయే ఐదు. కొత్త లాటు కంట్రోల్ కంటే మూడు ఎక్కువ చూపితే అది వార్త కాదు. పదిహేను ఎక్కువ చూపితే సప్లయర్‌తో మాట్లాడాల్సిందే.

స్కార్చ్, అంటే అచ్చుకు చేరకముందే రబ్బరు పట్టుకుపోవడం, కోసం వేరే చిన్న పరీక్ష. కలిపిన కాంపౌండ్ నుంచి రెండు మిల్లీమీటర్ల బిళ్లలు కోసి, ప్రెస్సును 120 డిగ్రీలకు తగ్గించి, 5, 10, 15, 20 నిమిషాలు ఉంచండి. తీసి చల్లార్చి, ఒక్కోదాన్ని టోలీన్ ఉన్న మూత సీసాలో రాత్రంతా వదలండి. కరిగి జిగురైపోతే ఇంకా పట్టుకోలేదు. ఉబ్బినా ఆకారం నిలిస్తే పట్టుకోవడం మొదలైంది. కంట్రోల్ 15 నిమిషాలు ఆగిన చోట కొత్త లాటు 10 నిమిషాలకే ఆకారం నిలుపుకుంటే అది మిల్లు మీద ఏడిపిస్తుందని ముందే తెలిసినట్టు. టోలీన్ ఆవిరి నిప్పంటుకునేది, ఊపిరికి చెడ్డది. ప్రెస్సు దూరంగా ఉన్న, గాలి ఆడే చోటే ఈ పని చేయండి. పిల్లల్ని, బీడీలు కాల్చేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

చురుకు లాట్లు, నెమ్మది లాట్లు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే సప్లయర్‌ను అడగాల్సిన ప్రశ్నలూ తెలుస్తాయి. రబ్బరుపాలు గడ్డకట్టాక ఆ తడి ముద్దను రోజుల తరబడి అలాగే వదిలేస్తే ప్రొటీన్లు కుళ్లి క్యూరింగ్‌ను వేగం చేసే పదార్థాలు పుడతాయి. చిప్పల్లో గడ్డకట్టిన కప్ లంప్‌తో చేసే ఐఎస్‌ఎన్‌ఆర్-20లో ఇది ఎక్కువ. షీటును సరిగా కడగక, పాలు గడ్డకట్టగా వేరుపడిన పులుసు నీరు అందులో మిగిలినా వేగమే, పైగా ఆ షీటు గాలిలోని తేమను పీలుస్తుంది. స్కిమ్ రబ్బరు కలిపితే మరీ ప్రమాదం. రబ్బరుపాలను సెంట్రిఫ్యూజ్ చేయగా మిగిలిన పలుచటి పాల నుంచి తీసేది అది. ప్రొటీన్ చాలా ఎక్కువ ఉంటుంది, మిల్లు మీదే పట్టుకుపోతుంది. ప్రామాణిక రబ్బరులో నైట్రోజన్ 0.60 శాతం దాటకూడదన్న పరిమితి ఇలాంటి కల్తీని పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. అనుమానమొస్తే నైట్రోజన్ పరీక్ష ఒక్కటే చేయించినా చాలు. దీనికి ఎదురు వైపు, పాలలో నీళ్లు మరీ ఎక్కువ కలిపినా, ముద్దను అతిగా నానబెట్టినా, ఫార్మిక్ బదులు చవకైన సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడి సరిగా కడగకపోయినా నెమ్మది లాటు వస్తుంది.

మీ వేలిముద్రల బుష్‌లను ఇంకోసారి చూడండి. బ్యాచ్ మొత్తం ఒకేలా మెత్తగా ఉంటే రబ్బరును అనుమానించండి. ఒకే బ్యాచ్‌లో కొన్ని గట్టిగా, కొన్ని మెత్తగా ఉంటే, ప్రెస్సు వేడి అన్ని మూలలా సమంగానే ఉంటే, తప్పు క్యూరింగ్‌ది కాకపోవచ్చు. బిగుసుకుపోయిన గోడౌన్ బేళ్లను మామూలు టైమే నమిలి కెమికల్స్ వేసి ఉంటారు. గట్టి రబ్బరులో సల్ఫర్, యాక్సిలరేటర్ సమంగా పరుచుకోవు, ఒకచోట కుప్పపడి ఇంకోచోట ఖాళీగా ఉంటాయి. అంటే గోడౌన్ గట్టిదనమే ప్రెస్సులో మెత్తదనంగా తేలింది. అలాంటి బేళ్లను సన్నగా కోసి, దగ్గర సందులో ముందు విడిగా నమిలి, విలియమ్స్ మందం మామూలు లాటు దగ్గరికి వచ్చాకే కెమికల్స్ వేయండి.

లాటు తేడా తేలాక చేయాల్సిన మొదటి పని కలపడం. వేర్వేరు లాట్ల బేళ్లను నాలుగైదు తీసుకుని ప్రతి బ్యాచ్‌లో కొంచెం కొంచెం వేస్తే చాలా తేడాలు సర్దుకుంటాయి. అప్పటికీ చురుకుగా ఉంటే, క్యూరింగ్ మొదలవడాన్ని ఆలస్యం చేసే సీటీపీ రిటార్డర్ 0.1 నుంచి 0.2 భాగాలు. నెమ్మదిగా ఉంటే యాక్సిలరేటర్ 0.1 పెంచి చూడండి, సల్ఫర్ పెంచకండి.

మెషీన్ల విషయం. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు 0.01 గ్రాము త్రాసు, థర్మోకపుల్, మంచి డయల్ గేజి కొనండి. రియోమీటర్ ధరతో పోలిస్తే ఇవన్నీ కలిపినా ఏ మూలకూ రావు. ఇవి లేకుండా రియోమీటర్ కొన్నా అది మీ తూకం తప్పుల్నే అందంగా గీసి చూపిస్తుంది. తర్వాత రోటర్ లేని రియోమీటర్, అంటే ఎండీఆర్. కొన్నాక ఏసీఎస్-1ను 160 డిగ్రీల దగ్గర నడపండి. గరిష్ఠ టార్క్ (మెలితిప్పే బలం) లోంచి కనిష్ఠ టార్క్ తీసేసిన తేడానే చూడండి. గరిష్ఠాన్ని ఒక్కదాన్నే చూస్తే గోడౌన్లో బిగుసుకున్న రబ్బరు ముందే ఎక్కువ చూపించి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. కనిష్ఠం 1, గరిష్ఠం 7 డెసీన్యూటన్ మీటర్లు అనుకుంటే తేడా 6. టార్క్ 6.4ను తాకిన టైమే 90 శాతం క్యూర్ టైము. గరిష్ఠం దాటాక గీత కిందికి వంగితే అది మళ్లీ అదే వెనక్కి పోవడం.

ముడి రబ్బరు చిక్కదనం కొలిచే మూనీ విస్కోమీటర్ మీ స్థాయికి ఇప్పుడే అవసరం లేదు. వివాదం వచ్చి సప్లయర్ మీ అంకెల్ని ఒప్పుకోకపోతే, అదే నమూనాను రెండు భాగాలు చేసి ఇద్దరూ సీలు వేసి, ఒకటి కొట్టాయంలోని రబ్బర్ బోర్డు ప్రయోగశాలకు పంపండి, రెండోది మీ దగ్గర ఉంచుకోండి. పంపేటప్పుడు ప్లాస్టిసిటీ, పీఆర్‌ఐ, నైట్రోజన్‌తో పాటు ఏసీఎస్-1 మీద రియోగ్రాఫ్ (రియోమీటర్ గీసే గీత) కూడా కావాలని కాగితం మీద స్పష్టంగా రాయండి. అడగకపోతే ఐఎస్‌ఎన్‌ఆర్ అంకెలు మాత్రమే వస్తాయి, మీ తగవుకు అవి అక్కరకు రావు.